సీటు ఎక్కడ? అలాట్‌మెంట్ జాబితా ముందు ఒక దళిత కుటుంబం

(వైద్య విద్య, కులం అనే అంశం మీద విశ్వవిద్యాలయ విద్యార్థులు ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను వైద్య విద్యలో రిజర్వేషన్ల గురించి మాట్లాడమన్నారు. ఆ చరిత్రను నాకంటే బాగా చెప్పగల అధ్యాపకులు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. నేను అందులో ఒక చిన్న ముక్క మీదే మాట్లాడతాను. ఎంబీబీఎస్ అయిపోయి, నీట్ పీజీ రాసి, ర్యాంకు వచ్చి, కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టుకున్నాక ఒక రోజు జాబితా వస్తుంది. మన పిల్ల రాబోయే మూడేళ్లు ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఎవరి చేతికింద పనిచేస్తుందో ఆ జాబితాలో ఒకే ఒక్క వరసలో ఉంటుంది. ఆ వరసను ఒక దళిత కుటుంబం ఎలా చదువుతుంది? ఇదే నా విషయం. మా ఇంట్లో ఈ మధ్యే చదివాం కాబట్టి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. చెల్లి ఒప్పుకున్నాకే చెబుతున్నాను. ఆమె పేరు, కాలేజీ పేరు చెప్పను. ఆమె ఇంకా రెండేళ్లకు పైగా అక్కడే ఉండాలి.

అమెరికాలో ఈ రోజుకు ఒక పేరుంది, మ్యాచ్ డే. మార్చి నెలలో మూడో శుక్రవారం దేశమంతా ఒకే గంటకు మెడికల్ విద్యార్థులు కవర్లు విప్పుకుంటారు. పక్కన తల్లిదండ్రులు, చేతుల్లో పూలు, ఎదురుగా కెమెరాలు. డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి తెలుగు కుటుంబాల వీడియోలు మన ఫోన్లలోకీ వస్తుంటాయి. ఆ పద్ధతి 1952 నుంచి నడుస్తోంది. విద్యార్థి తనకు కావలసిన ఆసుపత్రుల్ని వరసగా రాసిస్తుంది. ఆసుపత్రులు ఇంటర్వ్యూలు చేసి తమకు కావలసిన విద్యార్థుల్ని వరసగా రాసిస్తాయి. కంప్యూటరు ఆ రెండు జాబితాల్నీ జత కలుపుతుంది. అక్కడ వివక్ష లేదని నేననను. ఇంటర్వ్యూ ఉన్నచోట వివక్షకు కుర్చీ వేసే ఉంటుంది. అయితే ఆ విద్యార్థి, తాను పని చేయబోయేచోటి మనుషులతో ఒక్కసారైనా మాట్లాడాకే ఆ పేరు రాస్తుంది.

మనకు ఇంటర్వ్యూ లేదు. లేకపోవడమే మంచిది. ఇక్కడ ఇంటర్వ్యూ పెడితే ఇంటిపేరు అడిగిన రెండో నిమిషానికి మనలో ఎంతమంది మిగులుతారో మీకు తెలుసు. ర్యాంకు, కేటగిరీ, ఆప్షన్లు, ఈ మూడింటిని బట్టి యంత్రం సీటు ఇస్తుంది. ఆ యంత్రానికి మన మొహం తెలియదు కాబట్టే మనం లోపలికి వెళ్లగలుగుతున్నాం. దాన్ని నేను కాపాడుకోవాలనే అంటాను. నా బాధ వేరే. యంత్రానికి మన మొహం తెలియనట్టే, మనకు ఆ కాలేజీ మొహమూ తెలియదు. మనకు కనిపించేది ఒక కోడ్ నంబరు, కాలేజీ పేరు, కోర్సు పేరు, సీట్ల సంఖ్య. అంతే.

తెలియనివాళ్ల కోసం పద్ధతి రెండు మాటల్లో చెబుతాను. నీట్ పీజీ 200 ప్రశ్నలు, 800 మార్కులు. రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లోని పీజీ సీట్లలో సగం ఆలిండియా కోటా. వాటికి కేంద్రంలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ సీట్లు కేటాయిస్తుంది. మిగతా సగం రాష్ట్రాలే నింపుకుంటాయి. ఈ ఆలిండియా కోటా 1986లో మొదలైంది. అప్పటి నుంచి 2007 దాకా, అంటే ఇరవై ఏళ్లకు పైగా, దానిలో ఎస్సీ ఎస్టీలకు ఒక్క సీటు కూడా రిజర్వు చేయలేదు. 2007 జనవరిలో అభయ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చాకే 15 శాతం, ఏడున్నర శాతం అమలులోకి వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ఓబీసీలకు 27 శాతం రావడానికి 2021 జులై దాకా ఆగాల్సి వచ్చింది. దాని మీదా కేసు వేశారు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఆ రిజర్వేషన్ను సమర్థిస్తూ, పోటీ పరీక్షలో వచ్చిన మార్కులే ప్రతిభకు కొలత కావని, ప్రతిభను సామాజిక సందర్భంలో చూడాలని వివరంగా రాసింది. ఆ తీర్పును మెడికల్ కాలేజీల నోటీసు బోర్డుల్లో పెడితే బాగుండును.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఆ ఇరవై ఏళ్లలో ఆలిండియా కోటాలో చేరి స్పెషలిస్టులై, ప్రొఫెసర్లయి, ఇవాళ విభాగాధిపతుల కుర్చీల్లో కూర్చున్న తరం ఒకటుంది. ఇవాళ మన పిల్లలు చేరేది చాలాచోట్ల ఆ తరం చేతికిందే. సీటు 2007లో తెరుచుకుంది. కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

ఇక మా ఇంటి సంగతి. మాది ప్రకాశం జిల్లా. అమ్మ ఆశా కార్యకర్త. నాన్న వీఆర్ఏ, పాత భాషలో చెప్పాలంటే తలారి. మా నాయనమ్మ మంత్రసాని. మా ఊళ్లో ఆమె చేతుల్లోకి రాకుండా భూమ్మీద పడ్డ పిల్లలు తక్కువ. పురుడు పోసినంతసేపు ఆ చేతులకు అంటు లేదు. బొడ్డు కోసి, గుడ్డలు ఉతికి, నూకలో వడ్లో కొంగున పోయించుకుని వాకిట్లోకి వచ్చాక మళ్లీ అంటు. చెల్లి ప్రసూతి, స్త్రీవ్యాధుల విభాగం కావాలని మొదటి నుంచీ పట్టుబట్టడానికి నాయనమ్మే కారణమని నేననుకుంటాను. చెల్లిని అడిగితే ఒప్పుకోదు. నాకు సిజేరియన్ చేయడం ఇష్టం, అంతే అక్కా, అంటుంది.

ఆమె ఎంబీబీఎస్ అయ్యాక ఒక నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేస్తూ, పగలు ఫోన్లో యాప్ క్లాసులు వింటూ రెండుసార్లు పరీక్ష రాసింది. రెండో రౌండు జాబితా రావాల్సిన రోజు సాయంత్రం నుంచి అందరం కూర్చున్నాం. ముందు ప్రొవిజనల్ అని ఒకటి వస్తుంది, తర్వాత ఫైనల్ అని మరొకటి. వందల పేజీల పీడీఎఫ్. దానిలో పేర్లుండవు. ర్యాంకు ఉంటుంది, ఇచ్చిన కోటా ఉంటుంది, కాలేజీ, కోర్సు ఉంటాయి, ఆ తర్వాత రెండు గడులు పక్కపక్కన ఉంటాయి. సీటు ఏ కేటగిరీలో ఇచ్చారన్నది ఒకటి, అభ్యర్థి ఏ కేటగిరీ అన్నది రెండోది. మంచి ర్యాంకు తెచ్చుకుని ఓపెన్‌లో సీటు కొట్టిన మన పిల్లకైనా రెండో గడిలో ఎస్సీ అనే ఉంటుంది. ఈ రెండు గడుల్నీ గుర్తుపెట్టుకోండి. వీటి దగ్గరికి మళ్లీ వస్తాను.

చెల్లి వరస దొరికింది. మహారాష్ట్రలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాల, ప్రసూతి విభాగం. ఆమె ఎగిరి గంతేసింది. మా బాబాయి ఫోన్ చేసి ఏం బ్రాంచి అని అడిగాడు. వీధిలోవాళ్లూ ఏం వచ్చిందనే అడిగారు. అమ్మ మాత్రం ఎక్కడ అని అడిగింది. మహారాష్ట్ర అనగానే, గైనకాలజీ అనగానే, ఆమె మొహం మారిపోయింది. ‘ఆ పిల్ల చచ్చిపోయింది ఆ రాష్ట్రంలోనే గదా? ఆ పిల్లదీ ఇదే చదువు గదా?’ అంది.

ఆ పిల్ల ఎవరో ఈ సభకు చెప్పక్కర్లేదు. డాక్టర్ పాయల్ తడ్వి. జల్గావ్ జిల్లా నుంచి వచ్చిన తడ్వి భిల్ ఆదివాసీ బిడ్డ. ముంబయి నాయర్ ఆసుపత్రిలో ప్రసూతి విభాగంలో పీజీ చేస్తూ 2019 మే 22న ప్రాణం తీసుకుంది. 26 ఏళ్లు. ముగ్గురు సీనియర్ల మీద అట్రాసిటీ చట్టం కింద కూడా కేసు నడుస్తోంది. ఆమె తల్లి ఆబెదా తడ్వి, రోహిత్ తల్లి రాధిక వేముల, ఇద్దరూ కలిసి 2019లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనల్ని విశ్వవిద్యాలయాలు అసలు అమలు చేయడం లేదన్నది వాళ్ల వాదన. మా అమ్మకు ఆ పిటిషన్ సంగతి తెలియదు. ఆమెకు ఆ ఫోటో తెలుసు, మెడలో స్టెతస్కోపు ఉన్న ఫోటో.

నాన్న వేరేలా ఆలోచించాడు. రాష్ట్ర కౌన్సెలింగు ఉంది, ఇక్కడే దగ్గర్లో ఏదో ఒక బ్రాంచి రాకపోదు, పిల్లల వైద్యమో మత్తు వైద్యమో తీసుకుంటే వారానికోసారి చూసి రావచ్చు అన్నాడు. దగ్గర అనే మాట మన ఇళ్లలో చాలా పెద్ద మాట. దానికి అమ్మే జవాబు చెప్పింది. ‘దగ్గరే అయితే మాత్రం? వరంగల్లు మనకు దూరమా?’ 2023 ఫిబ్రవరిలో కాకతీయ మెడికల్ కాలేజీలో మత్తు వైద్యం మొదటి ఏడాది పీజీ చేస్తున్న లంబాడా బిడ్డ ధరావత్ ప్రీతి మనకు దక్కకుండా పోయింది. ఆ కేసు వివరాల్లోకి నేను పోను. నేను చెప్పదల్చుకున్నది ఒకటే. ఆ రాత్రి మా ఇంట్లో చర్చ బ్రాంచి మీద జరగలేదు, జీతం మీద జరగలేదు. ఆ సీటుకు వెళ్లిన పిల్ల బతికి వస్తుందా అన్నదాని మీద జరిగింది. పీజీ సీటు వచ్చిన రాత్రి ఎన్ని ఇళ్లలో ఈ చర్చ జరుగుతుందో, ఏ ఇళ్లలో జరగదో ఆలోచించండి.

చేరకపోతే రెండో రౌండులో డిపాజిట్ పోతుంది. ఎస్సీలకు అది పదివేలు. చేరి వదిలేస్తే చాలా రాష్ట్రాల్లో లక్షల్లో కట్టాలి. నిర్ణయానికి మాకున్నది కొద్ది రోజులే.

అమ్మ ఒక నోటుబుక్కు తీసింది. ఆశా వర్కర్లకు రాసే అలవాటు ఎక్కువ, గర్భిణుల లెక్కలు, టీకాల లెక్కలు అన్నీ వాళ్లే రాయాలి కదా. దానిలో ప్రశ్నలు రాసింది. హాస్టలు లోపల ఉందా, బయటా? రాత్రి ఆపరేషన్ అయిపోయాక గదికి ఎట్టా పోతారు? జ్వరమొస్తే సెలవు ఎవరిస్తారు? పై ఆఫీసరు ఆడమనిషా, మగమనిషా? ఈ విభాగంలో ఇంతకుముందు మన పిల్లలు ఎవరైనా పూర్తి చేసి బయటికొచ్చారా? మధ్యలో వెళ్లిపోయారా? ఇంకొకటి రాసింది, నేను దాన్ని ఇప్పటికీ నా పరిశోధనా విద్యార్థి మిత్రులకు చెబుతుంటాను. ‘ఆ ఆసుపత్రిలో ఆయమ్మల్ని ఏమని పిలుస్తారో కనుక్కో. వాళ్లను ఎట్టా పిలుస్తారో రేపు మన పిల్లనీ అట్టానే పిలుస్తారు.’

ఏళ్ల తరబడి గర్భిణుల్ని ఆటోలో ఎక్కించుకుని పెద్దాసుపత్రులకు తీసుకెళ్లిన మనిషి ఆమె. లేబర్ రూము తలుపు బయట నేల మీద కూర్చున్న మనిషి. లోపల ఎవరు ఎవర్ని ఎలా తిడతారో ఆమెకు వినపడుతుంది. ఆసుపత్రిని కింది నుంచి చూసిన జ్ఞానం అది. సాంఘిక శాస్త్రాల్లో మనం దానికి పెద్ద పేర్లు పెడతాం. అమ్మ దాన్ని ప్రశ్నలుగా రాసింది.

ఆ ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబు ఆ కాలేజీ వెబ్‌సైటులో లేదు. భవనం ఫోటో ఉంది. మంచాల సంఖ్య ఉంది. ర్యాగింగ్ నిషేధమన్న నోటీసు ఉంది. మరి మిగతావాళ్లు ఎలా తెలుసుకుంటున్నారు? చెల్లితో కలిసి చదివిన ఒక అమ్మాయి ఆప్షన్లు పెట్టేటప్పుడు వాళ్ల పెదనాన్న పక్కన కూర్చున్నాడు. ఆయన సర్జన్. ఫలానా కాలేజీలో మెడిసిన్ బాగుంటుంది గానీ రెండో యూనిట్ వద్దు, ఫలానాచోట హెచ్‌ఓడీ వచ్చే ఏడు రిటైరవుతాడు, అక్కడ మనవాడే వస్తాడు, పెట్టుకో, ఇలా చెప్పుకుంటూ పోయాడట. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. అయితే ఆ గదిలో జరిగినదాన్ని మనం ప్రతిభ అని పిలుస్తున్నాం. ర్యాంకు ఇద్దరికీ ఉంది. ర్యాంకును దేనితో మార్చుకోవాలో చెప్పే మనిషి ఒకరికే ఉన్నాడు. రిజర్వేషన్ వ్యతిరేకులు లెక్కలోకి తీసుకోని కోటా ఇది, పెదనాన్న కోటా.

మనకూ ‘మనోళ్లు’ ఉన్నారు. కాకపోతే వాళ్లు ఆసుపత్రిలో వేరేచోట ఉంటారు. నాతో చదివే విదర్భ మిత్రుడొకడు, బౌద్ధుడు, తన చుట్టాల్లో ఎవరో ఆ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడని చెప్పి ఫోన్ కలిపాడు. ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. అంత సమాచారం మాకు ఇంకెక్కడా దొరకలేదు. హాస్టలు గదులు చాలవు, మొదటి ఏడాది పిల్లలు డ్యూటీ రూములోనే పడుకుంటారు. ఫలానా యూనిట్లో సీనియర్లు కొంచెం నెమ్మది. శాంపిళ్లు తెచ్చి ఇచ్చే పీజీల్ని చూస్తే ఎవర్ని ఎక్కువ తిప్పుతున్నారో మాకు తెలుస్తుంది మ్యాడమ్, అన్నాడు హిందీలో. చివరికి ఒక మాటన్నాడు, పిల్లను పంపండి, ఏదైనా ఉంటే ల్యాబుకు రమ్మనండి, మేమున్నాం. అమ్మకు ఆ మాట తెలుగులో చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నం వడ్డించింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. సీటు వచ్చాక అసలు కష్టం ఎక్కడుంది? మార్కులు బాగా తెచ్చుకుంటే సరిపోదా? పీజీ అంటే మనలాగా లైబ్రరీలో కూర్చునే చదువు కాదు. అది పనిలో నేర్చుకునే చదువు. ఏ కేసు నీ చేతికి ఇస్తారన్నదే అక్కడ పాఠం. మొదటి ఏడాది జూనియర్ రెసిడెంటుకు రక్తం నమూనాలు మోయడం, డిశ్చార్జి కాగితాలు రాయడం, మంచాల దగ్గర బీపీలు చూడడం ఎలాగూ తప్పదు, అందరికీ తప్పదు. కానీ మొదటి సిజేరియన్ ఎవరికి ఇస్తారు? ఎవర్ని ఏడాదంతా ఓపీలోనే కూర్చోబెడతారు? దానికి రోస్టర్ లేదు. సీనియర్ ఇష్టం. తడ్వి కేసులో వచ్చిన ఆరోపణల్లో ఇదీ ఒకటి, ప్రసవాలు, ఆపరేషన్లు చేయనివ్వలేదన్నది. మా నాయనమ్మ చేతులకు పురుడప్పుడు మాత్రం అంటు లేకపోయింది. ఇక్కడ పురుడప్పుడే అంటు.

దీనికి తోడు థీసిస్ గైడు సంతకం, లాగ్‌బుక్ సంతకం, సెలవు సంతకం, చివరి ప్రాక్టికల్ పరీక్ష, అన్నీ ఆ విభాగం చేతిలోనే. విశ్వవిద్యాలయంలో మన గైడు సరిగా లేకపోతే కనీసం హాస్టలుకు వెళ్లి తలుపేసుకోవచ్చు. రెసిడెంటుకు అదీ లేదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటలు, ఒక విడతకు 12 గంటలు మించకూడదన్నది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించకుండా చూడమని సిఫార్సు చేసింది. అంటే ముప్పై ఏళ్లలో మనం పెట్టుకున్న హద్దే 26 గంటలు జరిగింది. ఇంత అలసటలో కులం కొత్తగా కనిపెట్టుకోవాల్సిన పని లేదు, ఎవరి మీద పని తోయాలో అదే చూపిస్తుంది.

ఇదంతా ఊహ అనేవాళ్లకు ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ నివేదిక ఉంది. 2007లోనే సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ విద్యార్థులతో మాట్లాడి, హాస్టళ్లలో వేరుపెట్టడం నుంచి అధ్యాపకుల ప్రవర్తన దాకా రాసింది. దేశంలో అత్యున్నత వైద్య సంస్థ మీద వచ్చిన నివేదిక అది. ఆ తర్వాత ఎన్ని మెడికల్ కాలేజీలు తమ మీద అలాంటి నివేదిక తయారు చేయించుకున్నాయి? మీకు ఒక్కటైనా తెలిస్తే చెప్పండి.

ఇప్పుడు ఆ రెండు గడుల దగ్గరికి వస్తాను. అలాట్‌మెంట్ జాబితాలో ప్రతి ర్యాంకు పక్కనా కులం గడి ఉంది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. విభాగంలో చేరే రోజుకే సీనియర్ల వాట్సాప్ గ్రూపులో ఆ పేజీ ఉంటుంది. చెల్లి వెళ్లిన మొదటి రోజే ర్యాంకెంత అని అడిగారు. అడిగినవాళ్లకు ముందే తెలుసు. అది తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న కాదు. జాబితాలో పారదర్శకత ఉండాలి, లేకపోతే మన సీట్లు మాయమవుతాయి, నాకు తెలుసు. ఆ గడి తీసేయమని నేను అడగను. నేను అడిగేది ఒకటే, ఆ గడి చేరేనాటికే ఎందుకు ఆగిపోతుంది?

సమాచార హక్కు కింద జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన జవాబుల ప్రకారం అయిదేళ్లలో వందమందికి పైగా వైద్య విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వెయ్యిమందికి పైగా పీజీలు చదువు మధ్యలో వదిలేశారు. పత్రికల్లో వచ్చిన ఆ లెక్కల్లో కులం గడి లేదు. లోపలికి వెళ్లేటప్పుడు పిల్ల పక్కన కులం రాసిపెట్టిన వ్యవస్థ, ఆ పిల్ల మధ్యలో బయటికి వచ్చేస్తే, లేదా శవమై వస్తే, కులం రాయదు. ప్రొఫెసర్ల జాబితా పక్కన రాయదు. పరీక్షలో తప్పినవాళ్ల లెక్క పక్కన రాయదు. వివక్ష ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో, ఏమయ్యాయో, విభాగాల వారీగా ఎక్కడా పెట్టదు. మా అమ్మ నోటుబుక్కులోని ప్రశ్నలన్నీ దాదాపు ఈ గడుల గురించే. సీట్ల వివరాలు పెట్టే పేజీలోనే, ఆప్షన్లు పెట్టకముందే, ఈ వివరాలూ పెట్టమనడం పెద్ద విప్లవమేమీ కాదు. సాఫ్ట్‌వేరులో నాలుగు వరసలు.

ప్రైవేటు సంగతి రెండు మాటలు. డీమ్డ్ యూనివర్సిటీల పీజీ సీట్లలో ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్ లేదు. వాటి కౌన్సెలింగుకు డిపాజిట్టే రెండు లక్షలు, అందరికీ ఒకటే. 2023లో సీట్లు మిగిలిపోతే కటాఫ్ సున్నా పర్సంటైల్‌కు దించారు, అన్ని కేటగిరీలకూ. కోటి రూపాయలు కట్టగలవాడు సున్నా పర్సంటైల్‌తో వస్తే ఏ సీనియరూ ర్యాంకెంత అని అడగడు, ఫీజెంత అని అడుగుతాడేమో.

ఇంకొక విషయం, దీన్ని మనవాళ్లు తగినంత చర్చించలేదనిపిస్తుంది. 2025 జనవరి 29న తన్వీ బెహల్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర కోటాలో కూడా నివాసం ఆధారంగా పీజీ సీట్లు కేటాయించడం చెల్లదని చెప్పింది. భారతీయులందరం ఈ దేశమంతటా నివాసులమే అన్నది తర్కం. తెలుగు రాష్ట్రాల్లో 371డి వ్యవహారం వేరే ఉంది, దాన్లోకి ఇప్పుడు పోను. తర్కం వినడానికి బాగుంది. బాబాసాహెబ్ కూడా పల్లె వదిలి పొమ్మన్నాడు, ఊరు మనకు స్వర్గమని ఎప్పుడూ చెప్పలేదు. కాబట్టి దూరం పోవడాన్ని నేను వ్యతిరేకించను. నాన్నతో ఆ రాత్రి నేను వాదించిందీ అదే. కానీ దేశమంతా మన ఇల్లే అయినప్పుడు, ఏ గదిలో మనకు మంచం వేశారో చెప్పాల్సిన బాధ్యత ఆ ఇంటికి ఉండాలి కదా. సవర్ణ విద్యార్థి దేశంలో ఏ మూలకు పోయినా అక్కడ పెదనాన్నలు దొరుకుతారు. మన పిల్లకు ల్యాబులో పనిచేసే అన్న దొరకడం, మా విషయంలో, నా హాస్టల్ మెస్సులో ఎవరు నా ఎదురుగా కూర్చుని తింటారన్నదాని మీద ఆధారపడింది.

చెల్లి వెళ్లింది. నిర్ణయం ఆమెదే. నాన్న చివరిదాకా పెద్దగా మాట్లాడలేదు. సర్టిఫికెట్ల ఫైలు కట్టి ఇస్తూ ఒక్క మాటన్నాడు. ‘కాగితం మీద సీటిచ్చారు. కుర్చీ ఇస్తారో లేదో చూసుకో.’ ముప్పై ఏళ్లు తాసిల్దారు ఆఫీసులో నిలబడే పనిచేసిన మనిషి అన్నమాట అది. రెండు రైళ్లు మారి, బస్సెక్కి, అమ్మే తోడు వెళ్లి చేర్చింది. ఆసుపత్రి అంతా ఒకసారి నడిచి చూసిందట. ఆయమ్మల్ని ఏమని పిలుస్తున్నారో కూడా విన్నది. మరాఠీలో మావశీ అంటున్నారు, అంటే పిన్ని అని చెల్లి చెప్పింది. అమ్మ కొంచెం నెమ్మదించింది. అయితే రెండు రోజులాగి, పిలుపు మంచిదే గానీ ఆ పిలుపు వెనకాల గొంతు చూడాల, అంది.

ఇప్పటికి ఆమెకు ఏడో నెల. అంతా బాగుందని చెప్పను, అన్యాయం జరిగిపోతోందనీ చెప్పను. ఆమెకు మొదటి సిజేరియన్ చేతికిచ్చింది రెండో ఏడాది సీనియర్ ఒకామె, మాతంగ కులం అమ్మాయి అని తర్వాత తెలిసింది. బ్యాచ్‌లో మిగతావాళ్లకు అప్పటికి ఎన్ని వచ్చాయన్నది చెల్లి ఒక కాగితం మీద తేదీలతో రాసుకుంటోంది. నేనే రాయమన్నాను. ఫిర్యాదు చేయాల్సి వస్తే కన్నీళ్లకంటే తేదీలు పనికొస్తాయి. చేయాల్సి రాకపోతే మంచిదే, ఆ కాగితం తర్వాత వచ్చే పిల్లకు పనికొస్తుంది.

ఆ పని గురించే ఒక విన్నపం. అమ్మ నోటుబుక్కులోని ప్రశ్నల్ని నేనూ, నాతో చదివే మరో నలుగురం కలిసి ఒక ఫారంగా తయారు చేశాం. పీజీ చేస్తున్న, లేదా చేసి బయటికి వచ్చిన ఎస్సీ, ఎస్టీ, బీసీ డాక్టర్లు నింపాలి. పేరు అక్కర్లేదు. కాలేజీ, విభాగం, చేరిన ఏడాది రాస్తే చాలు. వచ్చే కౌన్సెలింగు లోపల కనీసం ప్రభుత్వ కాలేజీల ప్రసూతి, మెడిసిన్, సర్జరీ విభాగాల వరకైనా సమాచారం ఒకచోట చేర్చి, ఆప్షన్లు పెట్టే పిల్లలకు అందించాలని ప్రయత్నం. తెలుగు, మరాఠీ, హిందీ ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. తమిళం, ఒడియా చేయగలవాళ్లు ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. మీ ఇళ్లలో, మీ వాడల్లో డాక్టర్లు ఉంటే ఒక ప్రతి పట్టుకెళ్లండి. ఆయమ్మల ప్రశ్న పదకొండోది, దాన్ని ఖాళీ వదలొద్దని చెప్పండి.

జై భీమ్.